గుండమ్మ ఇంట్లో తప్పుల లెక్క



ఈ ధర్మనిధి ఉపన్యాసం ఎవరి పేరున ఏర్పాటయిందో ఆ మాస్టారు ఉద్యోగరీత్యా కాలేజీలో తర్కశాస్త్రం చెప్పేవారు. సాయంత్రమైతే హాస్యచిత్రం ఎక్కడ ఆడుతుందా అని వెతుక్కునేవారు. ఈ రెంటికీ పొత్తు ఎలా కుదిరిందని ఆయన శిష్యులు ఇప్పటికీ ఆశ్చర్యపోతారు. నాకైతే అందులో వింత కనిపించదు. తర్కం తెలిసినవాడికే హాస్యం దాన్ని ఏ మలుపులో ఎగ్గొట్టిందో తెలుస్తుంది. తెలిశాక ఇంకాస్త ఎక్కువ నవ్వుతాడు.

నిర్వాహకులు విషయాన్ని నా ఇష్టానికి వదిలేశారు. సినిమా చూసి బయటికొచ్చాక "అదెలా కుదురుతుంది?" అని మొదలుపెట్టి, కాఫీ చల్లారేదాకా వాదించుకునే మన అలవాటు గురించి మాట్లాడదామనుకున్నాను. ఉదాహరణకు 'గుండమ్మ కథ'ను తీసుకుంటున్నాను. 1962 జూన్ 7న విడుదలైంది. ఇందులో అసలు కథ ఏముందని అప్పుడే పెదవి విరిచినవారున్నారు. అరవై ఏళ్లు దాటినా టీవీలో వస్తుంటే లేచి వెళ్ళలేనివారూ ఉన్నారు. ఈ రెండు జాతులూ ఒకే ఇంట్లో ఉండటం మామూలే.

తప్పులు లెక్కపెట్టడం ఈ కాలపు జబ్బని కొందరు విసుక్కుంటారు. అది నిజం కాదు. భరతుడు నాట్యశాస్త్రంలో ప్రదర్శన సిద్ధి గురించి చెప్పే అధ్యాయంలో 'ఘాతాలు' అని ఒక పట్టీ ఇచ్చాడు. గాలి, నిప్పు, వాన, ఏనుగు, పాము వచ్చి ఆటను చెడగొడితే అది దైవికం. నటుడు మాట మరిచినా, కిరీటం జారినా, నగ ఊడిపడినా అది సొంత తప్పు. గిట్టనివాళ్ళు అరిచి, చప్పట్లు చరిచి, పేడముద్దలు విసిరితే అది పరులు చేసిన చెరుపు. వీటిని రాసుకోవడానికి, లెక్కపెట్టడానికి మనుషులుండేవారు. తగవు వస్తే తేల్చడానికి ప్రాశ్నికులుండేవారు. యజ్ఞం తెలిసినవాడు, నర్తకుడు, ఛందస్సు తెలిసినవాడు, వైయాకరణి, రాజు, విలుకాడు, చిత్రకారుడు, వేశ్య, గాయకుడు, రాజసేవకుడు, ఇలా పదిమంది. ఎవరికి తెలిసిన సంగతిలో వారిదే తీర్పు. విల్లు పట్టిన తీరు సరిగా ఉందో లేదో వైయాకరణి చెప్పకూడదు. ఇంత ఏర్పాటు చేసిన భరతుడే అదే అధ్యాయంలో, ఏ గుణమూ లేని ప్రయోగం ఉండదు, ఏ దోషమూ లేని ప్రయోగమూ ఉండదు, కాబట్టి దోషాలను మరీ అతిగా పట్టుకోవద్దు అంటాడు. తక్కెడ చేతికిచ్చి, చూసి తూచమన్నాడన్నమాట.

హాస్యం దగ్గరికి వచ్చేసరికి ఆ తక్కెడకే చిక్కొచ్చిపడుతుంది. మిగతా రసాలకు అనౌచిత్యం విషమని ఆలంకారికులంతా అన్నారు. ఆ అనౌచిత్యమే హాస్యానికి మూలమని అభినవగుప్తుడు అన్నాడు. వేషం వయసుకు తగకపోతే, మాట మనిషికి అతకకపోతే, పని వేళకు కుదరకపోతే నవ్వొస్తుంది. అలాంటప్పుడు హాస్యచిత్రంలో పొసగనిది వెతకడమంటే మజ్జిగపులుసులో పులుపు ఉందని ఫిర్యాదు చేయడమే. అలాగని హాస్యంలో తప్పే ఉండదని కాదు. ఏది పులుపు, ఏది విరుగుడు అన్నది తేల్చుకోవాలి.

ఇక గుండమ్మగారి ఇంటికి వెళదాం.

కథ మీకు తెలిసిందే. డబ్బున్న వితంతువు గుండమ్మ. సవతి కూతురు లక్ష్మి ఇంటి చాకిరీ చేస్తుంది, సొంత కూతురు సరోజ గారాబంగా పెరుగుతుంది. మంచి సంబంధాలు చెడగొట్టడానికి గంటన్న ఉండనే ఉన్నాడు. ఆస్తిపరుడు వెంకట్రామయ్యకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు అంజి పనివాడిగా ఆ ఇంట్లో చేరి లక్ష్మిని చేసుకుంటాడు. రెండోవాడు రాజా సరోజను వలపించి, పెళ్ళాడి, ఆమె గర్వం అణిచే పని పెట్టుకుంటాడు. మూలం కన్నడంలో విఠలాచార్య తీసిన 'మనె తుంబిద హెణ్ణు'. తెలుగిళ్లలో అంతగా వినపడని గుండమ్మ అనే పేరు అక్కడినుంచి వచ్చిందే. పేరు మార్చకుండా ఉంచేయడమే తప్పని వాదించేవారిని నేను చూశాను. ఆ పేరు పలికితే నోట్లో రాయి దొర్లినట్టుంటుంది, ఆ మనిషికి అదే సరిపోయింది. ఆ వాదన అక్కడికి చాలు.

మొదటి గట్టి ఆక్షేపణ వెంకట్రామయ్య మీద. అంత పరపతి ఉన్న మనిషి నేరుగా వెళ్లి "మీ ఇద్దరు పిల్లల్నీ మా ఇద్దరబ్బాయిలకీ ఇవ్వండి" అని అడిగితే సరిపోయేదానికి ఈ మారువేషాలెందుకు? జవాబు గుండమ్మ స్వభావంలోనే ఉంది. నేరుగా అడిగితే ఆమె సరోజను పళ్లెంలో పెట్టి ఇస్తుంది, లక్ష్మిని ఇవ్వదు. లక్ష్మికి పెళ్ళయితే గుండమ్మకు పోయేది కూతురు కాదు, జీతం లేని పనిమనిషి. ఆ పనిమనిషిని ఇంకో పనిమనిషికి కట్టబెడితే ఇద్దరూ ఇంట్లోనే పడి ఉంటారన్నది ఆమె లెక్క. కాబట్టి అంజి పనివాడిగానే రావాలి. మారువేషం లేకపోతే లక్ష్మి పెళ్ళి జరగదు. ఇది చిల్లు కాదు, కథ అక్కడే నిలబడింది.

రెండో ఆక్షేపణ వేషం మీద. నిక్కరు తొడుక్కుని అంత పెద్ద కథానాయకుడు పిండి రుబ్బడమేమిటి, ఆ ముఖం చూసి పనివాడని నమ్మేదెవరు? ఎన్టీఆర్‌కు ఇది నూరో చిత్రం. అప్పటికే రాముడుగా, కృష్ణుడుగా ఇంటింటి పటాల్లోకి ఎక్కిన మనిషి. ఈ ఆక్షేపణ చేసేవారు రుబ్బురోలు పాటలో ఎందుకు నవ్వుతున్నారో తమను తాము అడగాలి. తెర మీద గుండమ్మ పనివాణ్ణి చూస్తోంది, హాల్లో మనం రామారావును చూస్తున్నాం. ఆ రెంటికీ మధ్య ఉన్న ఎడమే నవ్వు. గుండమ్మ కూడా రామారావును గుర్తుపడితే సినిమా లేదు, మనం పనివాణ్ణే చూస్తే నవ్వు లేదు. ఒకవేళ ఆ పాట మీద భరతుడి పద్ధతిలో ప్రాశ్నికుణ్ణి కూర్చోబెట్టాలంటే తర్కం చదివినవాణ్ణి పిలవకూడదు. పొత్రం తిప్పే చెయ్యి ఒకటి, పిండి తోసే చెయ్యి ఇంకొకటి. ఆ రెంటి లయ కుదిరిందా లేదా అన్నది ఇరవయ్యేళ్లు రుబ్బిన అమ్మమ్మ చెప్పాలి.

చిల్లర తప్పుల సంగతి త్వరగా ముగిస్తాను. నలుగురు ప్రధాన తారలూ కలిసే పాటలో చూపులు ఒకచోట కలిసి ఇంకోచోట కలవవని కొందరు గమనించారు. నలుగురి కాల్షీట్లూ ఒకేసారి దొరకక విడివిడిగా తీసి అతికించారని చెబుతారు. అలా అతికినట్టు తెలియకుండా పాట నడిపిన కెమెరామన్ మార్కస్ బార్ట్లీకి, కూర్పరికి దణ్ణం పెట్టాలిగానీ తప్పు రాయకూడదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఆక్షేపణ సినిమా తయారవుతుండగానే పుట్టిందట. గుండమ్మ గయ్యాళి అంటున్నాం, కానీ ఆమె గయ్యాళితనాన్ని స్థాపించే సన్నివేశం ఏదీ? ఈ సందేహం వచ్చినప్పుడు నిర్మాత చక్రపాణి, గుండమ్మ వేషానికి సూర్యకాంతాన్ని పెట్టుకున్నాక వేరే స్థాపన ఎందుకని తేల్చేశారని సినీరంగంలో చెప్పుకుంటారు. సినిమా మళ్ళీ జాగ్రత్తగా చూడండి, సందేహం న్యాయమైనదే. గుండమ్మ మోసపోతుంది, గంటన్న మాటలు నమ్ముతుంది, కూతురికోసం ఏడుస్తుంది, చివరికి దుర్గమ్మ చేతికి చిక్కి తన ఇంట్లోనే గదిలో బందీ అవుతుంది. కాగితం మీద చూస్తే జాలిపడాల్సిన మనిషి. అయినా సూర్యకాంతం చెయ్యి తిప్పి ఒక్క మాట అనేసరికి హాలంతా ఆమె అన్ని సినిమాలనూ గుర్తుతెచ్చుకుంటుంది. కథలో రాయని పాతికేళ్ల కాపురాన్ని ప్రేక్షకుడు సొంత ఖర్చుతో పూరిస్తాడు. కథ రాసేవారికి ఇది ప్రమాదకరమైన సలహా. సూర్యకాంతం దొరకనివారు ఈ ధైర్యం చేయకూడదు. అదే ఏడాది తమిళంలో 'మనిదన్ మారవిల్లై'గా తీస్తే, చక్రపాణే దర్శకత్వం వహించినా, ఆ స్థానంలో సుందరీబాయి వంటి మంచి నటి ఉన్నా అంతగా ఆడలేదు. కథ అదే, చిల్లులూ అవే. తెలుగులో కనిపించని చిల్లులు అక్కడ కనిపించాయంటే, వాటిని ఇక్కడ కప్పి ఉంచింది ఎవరో అర్థమవుతుంది.

తప్పు ఎక్కడుందో మనిషి స్వభావాన్ని బట్టే తేల్చాలన్న మాటకు ఇంకో సాక్ష్యం జంధ్యాల 1987లో తీసిన 'అహ నా పెళ్ళంట'. ఆదివిష్ణు నవల 'సత్యంగారిల్లు' దీనికి ఆధారం. పిసినారి లక్ష్మీపతిగా కోట శ్రీనివాసరావు వార్తాపత్రికను లుంగీగా చుట్టుకుంటాడు. కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ వట్టి అన్నం తింటాడు. తర్కవాదులు వెంటనే లేస్తారు. పత్రిక కొనాలంటే డబ్బు పెట్టాలి కదా? కోడి ఊరికే వచ్చిందా? పిసినారి కోడిని కొన్నాడంటే వాడు పిసినారి ఎలా అవుతాడు? మంచి ప్రశ్నలే. నా సమాధానం: ఖర్చు చేయనివాడు పిసినారి కాదు, పొదుపరి. ఖర్చు ఎగ్గొట్టడానికి ఎంత కష్టమైనా, ఎంత నష్టమైనా పడేవాడు పిసినారి. అరువు తెచ్చిన పత్రికైనా చుట్టుకుంటాడు, దొరికిన కోడినైనా వండకుండా కాపాడుకుంటాడు. ఆ పిచ్చికి ఒక క్రమం ఉంది. ఆ క్రమం ఎక్కడా తప్పలేదు కాబట్టే కోడి గురించి అడిగినవాడే మళ్ళీ ఆ సన్నివేశం చెప్పుకుని నవ్వుతాడు. అదే లక్ష్మీపతి ఉన్నట్టుండి, ఏ కారణమూ లేకుండా, ఎవరికో విందు ఇస్తే అప్పుడది చిల్లు. సినిమా మనకు తానే చెప్పినదాన్ని తానే మరిచిపోమని అడిగితే, అక్కడ ఒప్పుకోనక్కర్లేదు.

ఇంతకంటే దూరం వెళ్లిన వాదం అమెరికాలో జరిగింది. 1985లో వచ్చిన 'బ్యాక్ టు ద ఫ్యూచర్'లో కుర్రవాడు మార్టీ 1955కు వెళ్లి, పెళ్లికాని తన తల్లిదండ్రులను కలుపుతాడు. తర్వాత వాళ్లకు పుట్టి పెరిగిన కొడుకు ముఖం అచ్చం తమను కలిపిన కుర్రవాడి ముఖంలాగే ఉంటే వాళ్ళకు అనుమానం రాదా? 2020లో ఈ ప్రశ్న మళ్ళీ రేగి, దర్శకుడు జేమ్స్ గన్ వంటివారూ వాదంలోకి దిగారు. చివరికి కథారచయిత బాబ్ గేల్, పదిహేడేళ్ల వయసులో ఆరు రోజులు చూసిన మనిషి ముఖం పాతికేళ్ల తర్వాత ఎంతవరకు గుర్తుంటుందన్న అర్థంలో జవాబిచ్చాడు. జవాబు బాగానే ఉంది. కానీ రచయిత రోజులు లెక్కపెట్టి సంజాయిషీ ఇచ్చుకోవడం నాకు నచ్చలేదు. కాలయంత్రాన్ని కారులో బిగించినప్పుడు నోరెత్తనివారు పోలికల దగ్గర సాక్ష్యం అడిగితే, వాళ్ళకు సంజాయిషీ ఇచ్చినకొద్దీ కొత్త ప్రశ్న పుడుతుంది.

మన ఆక్షేపణల పట్టీలను వరసగా పెట్టి చూస్తే నాకు ఒక సంగతి కనిపించింది. ఉన్నది పొసగకపోతే చటుక్కున పట్టుకుంటాం. లేనిది మాత్రం మన కంటికి ఆనదు. 1957లో కె.వి.రెడ్డి తీసిన 'మాయాబజార్' పాండవుల ఇంటి పెళ్ళి కథ. అందులో పాండవులు ఒక్క సన్నివేశంలోనూ కనిపించరు. ఎవరో చెప్పేదాకా చాలామందికి ఆ సంగతే తట్టదు. ఘటోత్కచుడు, శకుని, కృష్ణుడు తెరను అంతగా నింపేశారు.

గుండమ్మ కథలోనూ అలాంటి లేమి ఒకటుంది.  మన పెళ్లిమాటలు ఎక్కడ మొదలవుతాయి? ఏ ఊరు, ఎవరి తాలూకు, ఇంటిపేరేమిటి అని. పీటల మీద పురోహితుడు ప్రవర చెప్పేటప్పుడు వరుడి గోత్రం, ముత్తాత, తాత, తండ్రి పేర్లు వరసగా చదువుతాడు. అంజి మారువేషం నిక్కరుతోనూ రుబ్బురోలుతోనూ నిలుస్తుందేమో, ప్రవర ముందు నిలవదు. ఆ ప్రవరలో ఏ తండ్రి పేరు చదివారని ఇన్నేళ్లలో నన్ను ఎవరూ అడగలేదు. అంజి ఏ కులంవాడో ఆరా తీయకుండా పరువుగల గుండమ్మ సవతి కూతుర్ని, సవతి కూతురే అయినా, ఎలా ఇచ్చింది? 1962 నాటి ఏ ఊళ్లోనైనా ఇరుగుపొరుగు మొదట వేసే ప్రశ్న ఇది. ఆ ఆరా సినిమాలో కనపడదు, మనకూ దాని అవసరం తోచదు. ఎందుకంటే మనకు అంజి ఎవరో ముందే తెలుసు. అతను తగినవాడేనని, మన లెక్కల్లో ఇమిడేవాడేనని తెలుసు. ఆ భరోసా మనకుంది కాబట్టి గుండమ్మకూ ఉన్నట్టే తోస్తుంది.

ఈ అనుమానం నాకు 'మిస్సమ్మ' వల్ల గట్టిపడింది. ఉద్యోగం కోసం దంపతులమని అబద్ధమాడి క్రైస్తవురాలు మేరీ, హిందువు ఎం.టి.రావు ఒక జమీందారు ఊరి బడిలో టీచర్లుగా చేరతారు. చివరికి మేరీ ఆ జమీందారు తప్పిపోయిన పెద్దకూతురు మహాలక్ష్మేనని తేలుతుంది. ఆ పుట్టుమచ్చ ఏమిటి, కన్నతల్లి ఇన్నాళ్ళూ గుర్తుపట్టకపోవడమేమిటి, దేశంలో ఇన్ని ఊళ్లుండగా సరిగ్గా అక్కడికే రావడమేమిటని నవ్వుకుంటాం. పిల్ల ఎక్కడికో రాక తప్పదు, అక్కడికే వచ్చింది. కథ మొదట్లో ఒక కాకతాళీయం ఎవరికైనా చెల్లుతుంది. నన్ను తొలిచేది ఆ పుట్టుమచ్చ చేసిపెట్టిన పని. మేరీ మేరీగానే మిగిలితే ఆ ఇద్దరి పెళ్ళి గురించి జమీందారు, ఆయన భార్య, మేరీని పెంచిన క్రైస్తవ దంపతులు, హాల్లోని మనం, అందరం ఏదో ఒకటి తేల్చుకోవాలి. మహాలక్ష్మి అని తేలగానే ఎవరికీ ఆ బాధ లేదు. మతం వదులుకోకుండానే వేరు మతాలవారు పెళ్ళి చేసుకునే వీలిచ్చిన ప్రత్యేక వివాహ చట్టం 1955 జనవరి 1న అమల్లోకి వచ్చింది. మిస్సమ్మ విడుదలైంది అదే నెల 12న. చట్టం తలుపు తీసిన పదకొండు రోజులకు, ఆ తలుపు వైపు వెళ్ళనక్కర్లేకుండానే కథ సుఖాంతమైంది. 'మిస్సమ్మ' తీసిన చక్రపాణికి చట్టం గురించి చెప్పాలని నా ఉద్దేశం కాదు, అంతటి చమత్కారం తెలుగు తెర మీద మళ్ళీ రాలేదు. పుట్టుమచ్చ గురించి డెబ్భై ఏళ్లుగా వాదించుకున్న మనం ఈ సంగతి గురించి ఎందుకు వాదించుకోలేదన్నదే నా ప్రశ్న.

సరోజ విషయంలో ఇది ఇంకా సూటిగా తగులుతుంది. రాజా ఆమెను ప్రేమించి పెళ్ళాడాడు. పెళ్లయ్యాక తాగుబోతు వేషం కట్టాడు, కలవారి బిడ్డను కాదన్నట్టు నాటకమాడాడు, ఆమెను తోటపనికి తీసుకెళ్ళి చెమటోడ్చేలా చేశాడు. షేక్‌స్పియర్ 'టేమింగ్ ఆఫ్ ద ష్రూ'లో పెట్రూకియో కేథరీనాకు చేసినదానికి ఇది దగ్గరి చుట్టం. ఆ నాటకం మీద ఇంగ్లండులో ఎంత చర్చ జరిగిందో సాహిత్య విద్యార్థులకు తెలుసు. మన దగ్గర జరిగిన చర్చ ఎక్కువగా నాగేశ్వరరావు తాగుడు నటన సహజంగా ఉందా, జమున పొగరు బాగా చూపించిందా అన్నదాని చుట్టూనే తిరిగింది. సరోజ చేసిన తప్పేమిటి? తల్లి గారాబం చేస్తే గారాబంగా పెరిగింది. లక్ష్మి చాకిరీ చేస్తుంటే కూర్చుని తింది. అది చిన్న తప్పు కాదు, ఒప్పుకుంటాను. కానీ దానికి వేసిన శిక్ష పెళ్ళి పేరుతో, మొగుడి చేత, అబద్ధం మీద నడిచింది. ఆ అబద్ధం తెలిశాక సరోజ కోపగించుకోవాలి కదా? గుండమ్మ కూతురు, జమున నటించిన మనిషి, అంత తొందరగా తల వంచుతుందా? ఇక్కడ సినిమా తాను చెప్పిన స్వభావాన్ని తానే మరిచిపోయింది. కోడి దగ్గర నేను పెట్టిన కొలతతో చూస్తే చిల్లు అనదగింది ఇదొక్కటే. ఏ ఆక్షేపణల పట్టీలోనూ ఇది నాకు కనపడలేదు.

దీనికి ఒక జవాబు ఉంది, దాన్ని దాచను. చేసినదంతా లోకం మేలుకోసమన్నట్టు వెంకట్రామయ్యగా ఎస్.వి.రంగారావు నడిపిస్తుంటే మనం ఆ పెద్దరికానికి లోబడతాం. డి.వి.నరసరాజు మాటలు నవ్విస్తూ తోసుకుపోతాయి. పింగళి పాటలు, ఘంటసాల సంగీతం కలిసి ఆలోచించే తీరిక ఇవ్వవు. ఇదంతా నిజమే. కళ కప్పగలిగినంత కప్పింది. అయితే అది కప్పింది మనకు ముందే ఇబ్బంది లేనిదాన్ని. నిక్కరు మనకు ఇబ్బందిగా తోచింది కాబట్టి దాన్ని కప్పడానికి సినిమా చాలా శ్రమపడింది. సరోజ సంగతి ఇబ్బందిగా తోచలేదు కాబట్టి శ్రమే పడలేదు.

సమయం మించుతోందని అధ్యక్షులు గడియారం చూస్తున్నారు. మాస్టారి శిష్యులు ముందు వరసలో కాగితాలు పట్టుకుని కూర్చున్నారు, వాటిలో కోడి గురించిన ప్రశ్నలుంటాయని నాకు తెలుసు. వాటికి ముందు వెనక వరసలో కూర్చున్న అమ్మలు మైకు తీసుకుని సరోజ తరఫున నాలుగు మాటలు చెబితే వినాలని ఉంది. రాజా నిజం ఎప్పుడు చెప్పి ఉండాల్సిందో వాళ్ళనే చెప్పనిద్దాం.